దేనితో తెరవమంటారు?

చిట్టెమ్మ ఫోను పెట్టేశాక కూడా అబ్బులు దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. మరదలు గుక్క తిప్పుకోకుండా చెప్పినవన్నీ ఒకదాని వెనక ఒకటి లోపల సర్దుకుంటున్నాయి. ఆపరేషన్ బాగా అయింది, రాజమండ్రిలో ఇప్పుడే కారెక్కుతున్నారు, గంటలో ఇంట్లో ఉంటారు, కట్టు రేపు పొద్దున్న గానీ విప్పరు. "ఒంగోకూడదన్నారండి బావగారూ, గట్టిగా దగ్గకూడదన్నారు, ముఖ్యంగా కంట నీరు పెట్టుకోకూడదన్నారు. అక్కేమో నాకేడుపెందుకే అని నవ్వుతోంది. మీరు వింటున్నారా? వింటే ఓసారి కొట్టండి." అబ్బులు గోటితో ఫోను మీద టక్కుమని ఒకసారి కొట్టాడు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. గొంతులో పుండు లేచి స్వరపేటిక తీసేశాక, కంప్యూటరు పలకనప్పుడు ఫోనులో ఆయనకి మిగిలిన భాష అంతే. మెడ కింద చొక్కా మొదటి గుండీ దగ్గర వేలాడే తెల్లటి గుడ్డముక్క వెనక ఒక చిన్న రంధ్రం ఉంది. ఊపిరి అక్కణ్నించే వచ్చిపోతుంది. ముక్కు, నోరు ముఖంలో వాటి చోట అవి ఉన్నాయి గానీ గాలితో వాటికి సంబంధం తెగిపోయింది. కాఫీ వేడిగా ఉంటే ఊదుకోలేడు. పొయ్యి మీద ఏది మాడినా వాసన తెలియదు. ఇది గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్లి చూశాడు. పప్పు ఉడికి దిగింది, అన్నం ఎసట్లో కుతకుతలాడుతోంది. మంట తగ్గించి మళ్లీ ముందుగదిలోకి వచ్చాడు. ఆ గదిలో కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటరు ఉంది.

గంట. రాజమండ్రి దాటాలి, వేమగిరి దాటాలి, కడియపులంక పూలమొక్కల తోటలు దాటాలి, జొన్నాడ దాటాలి, ఆ తర్వాత వంతెన ఎక్కితే దిగేది రావులపాలెంలోనే. కారు ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో లోపల ఎవరో దారి పొడుగునా చూస్తున్నట్టే ఉంది ఆయనకి. అమ్మాజీ వెనక సీట్లో తల ఆనించుకుని కూర్చుని ఉంటుంది. ఆమెకి ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది, కుప్పనూర్పుల దగ్గర వరివెన్ను గుచ్చుకుని. పెళ్లిచూపుల్లో ఆ సంగతి వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు. ఇన్నేళ్లూ ఆమె వండినా, కుట్టినా, కూతురు పావనిని చదివించినా, అన్నీ ఆ ఒక్క కుడికంటితోనే. ఆ కంటికే పొర కమ్మింది. దానికే ఇవాళ ఆపరేషన్. అంటే రేపు పొద్దున్న కట్టు విప్పేవరకూ ఆమెకి చీకటే. పగలు చీకటి, దీపం పెట్టినా చీకటి. తోడుగా వెళతానని పొద్దున్న అబ్బులు చెప్పులు వేసుకుంటే ఆమె వద్దంది. "ఆ దుమ్ములో, ఆ జనంలో మీరొస్తే నేను కన్ను చూపించుకోవాలా, మీ మెడ చూసుకోవాలా. చిట్టి ఉందిగా" అంది. ఆ మాట అంటూ గుడ్డముక్క సరిగ్గా ఉందో లేదో చూసి, దారం ముడి బిగించి మరీ వెళ్లింది.

ఆమె చూపు వల్లే ఇన్ని నెలలుగా ఆయన మాట బతికింది. ఆసుపత్రి నుంచి వచ్చాక పలక కొన్నారు, సుద్దముక్క కొన్నారు, అవి వాడే అవసరం పెద్దగా పడలేదు. పెదవులు కదిలితే చాలు, ఆమెకి అర్థమైపోయేది. కదలకముందే అర్థమైపోయేది కూడాను. మజ్జిగ అనబోతే గ్లాసు చేతిలో ఉండేది. ఫలానా వాడు వచ్చాడా అని కనుబొమ్మ ఎత్తితే, రాలేదండి అని జవాబు వచ్చేది. గొంతు పోయింది గానీ ఇంట్లో మాటకి లోటేమీ లేదని అబ్బులు అనుకునేవాడు. ఇవాళ ఆ కన్ను కూడా మూసుకుంటే, ఆమె మంచం మీద కూర్చుని ఏమండీ అని పిలిస్తే, ఏం చేస్తాడు. గోటితో గోడ మీద కొడతాడా. ఒకసారి అవును, రెండుసార్లు కాదు. కన్ను నొప్పిగా ఉందా అని అడగడానికి ఎన్నిసార్లు కొట్టాలి. భయపడకు అనడానికి ఎన్నిసార్లు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద పావని పెట్టిన గుర్తు ఇంకా అలాగే ఉంది, తెల్ల కాగితంలా, మూల మడతపెట్టి. నిన్నటిదాకా అది ఇలా ఉండేది కాదు. నీలం రంగుది ఒకటి, పసుపు రంగుది ఒకటి, రెండు పాములు మెలికలు తిరిగి ఉండేవి. దాని కింద నాన్న అని పేరు. దాని మీద రెండుసార్లు టకటక నొక్కితే ముందు ఒక నల్ల కిటికీ తెరుచుకునేది. భయపడకు నాన్నా, అది పనివాడు లాంటిది, పని అయ్యేదాకా ఉంటుంది అనేది పావని. తర్వాత తెల్ల పెట్టె వచ్చేది. అందులో మాట కొట్టి ఎంటర్ నొక్కితే స్పీకర్లలోంచి ఆ మాట వచ్చేది, అబ్బులు గొంతుతో. అచ్చం అబ్బులు గొంతుతో. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతుంది పావని. నాన్న గొంతు తీసేస్తారని డాక్టర్లు తేల్చి చెప్పాక సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. ఈ గదిలోనే తలుపులు మూసి, ఫ్యాను ఆపేసి, హైవే మీద లారీల హారన్లు వినపడకుండా కిటికీకి బొంత కట్టి, రోజూ సాయంత్రం ఆయన చేత చదివించి ఆ గొంతు రికార్డు చేసింది. పేపరు చదివించింది, మందుల డబ్బా మీద రాసింది చదివించింది, ఊళ్ల పేర్లు, చుట్టాల పేర్లు, కూరల పేర్లు. "మామూలుగా చదువు నాన్నా. బజార్లో అరిచినట్టు కాదు, మామూలుగా" అనేది. ఆ మామూలు ఏదో ఆయనకి తెలియలేదు. తన మామూలు గొంతు ఎలా ఉంటుందో అరవై ఏళ్లొచ్చాక గది మధ్యలో చెమట కారుతూ వెతుక్కోవలసి వచ్చింది.

అరటి మార్కెట్లో వేలంపాట పాడింది ఆ గొంతు. తెల్లారకముందే సైకిళ్ల మీద, ఆటోల మీద గెలలు దిగేవి. మంచు పట్టిన కర్పూరం, చక్రకేళి, బొంత, వరసలు వరసలుగా నిలబెట్టేవారు. ఆ వరసల మధ్య తిరుగుతూ అబ్బులు పాట పెంచుతుంటే ఒడిశా నుంచి వచ్చిన వ్యాపారి, తమిళం మాట్లాడే వ్యాపారి, భాష అర్థం కాకపోయినా ఆ గొంతు ఎక్కడ ఎక్కుతుందో ఎక్కడ ఆగుతుందో చూసుకుని బేరం పెంచుకునేవాళ్లు. లారీల చప్పుడు మీదుగా ఆ కేక బస్టాండు దాకా వినపడేదని చెప్పుకునేవారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసరికి గొంతు పిప్పి అయిపోయేది. మంచినీళ్లు తాగి పడుకునేవాడు. అమ్మాజీ పక్కన కూర్చుని పొద్దుటి నుంచి జరిగినవి చెప్పేది. గేదె పాలు తన్నేసిందని, పావనికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని, పక్కింటివాళ్లు గోడ లేపుతున్నారని. ఆయన ఊఁ అనేవాడు. "మీరు ఊఁ అన్నా బేరం ఆడినట్టే ఉంటుందండి" అని ఒకసారి నవ్వింది ఆమె. పావని పాలు తాగే రోజుల్లో కాబోలు.

తెర మీది ఆ గుర్తుని మళ్లీ రెండుసార్లు నొక్కాడు. మళ్లీ అదే. నల్ల కిటికీ లేదు, పెట్టె లేదు. తెర నిండా తెల్లకాగితం పరుచుకుని, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు చీమల బారులా దిగిపోతున్నాయి. కుండలీకరణాలు, చుక్కలు, గీతలు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకి తెలుసు. నిన్న సాయంత్రం కంప్యూటరు తనంతట తనే ఆగి, తనంతట తనే లేచింది. లేచాక పాముల బొమ్మ మీద నొక్కితే ఎన్నడూ లేనిది ఒక ప్రశ్న వేసింది, దీన్ని దేనితో తెరవమంటారు అని. పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివితే ఆ అర్థమే వచ్చింది. కింద వరసగా పేర్లు. అన్నింటికంటే పైన నోట్‌ప్యాడ్ ఉంది. పైనున్నదే మంచిదై ఉంటుందనుకున్నాడు. దాని మీద నొక్కాక ఇంకో రెండు మాటలు కనపడ్డాయి, ఆల్వేస్ అని ఒకటి, జస్ట్ వన్స్ అని ఒకటి. ఎప్పటికీనా, ఈ ఒక్కసారికేనా. ఊరికే రోజూ అడిగించుకోవడం ఎందుకని ఎప్పటికీ అన్నదాన్ని నొక్కేశాడు. అప్పుడే పాములు మాయమై తెల్లకాగితం మిగిలింది. నిద్రపోయి లేస్తే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. మనుషుల కోపాలు అలాగే సర్దుకుంటాయి గనక యంత్రానికీ అంతేననుకున్నాడు.

పావనికి పొద్దుటి నుంచీ ఫోను కలవడం లేదు. పరీక్షల డ్యూటీ, హాల్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. పంపిన మెసేజీ పక్కన ఒక్క టిక్కే ఉండిపోయింది. సెంటర్లో కంప్యూటర్ షాపువాడి దగ్గరకి వెళ్లొచ్చు, కానీ తను అటు వెళ్లిన సమయంలో కారు వచ్చేస్తే. తాళం వేసిన ఇంటి ముందు అమ్మాజీ కళ్లగంతలతో నిలబడితే. వద్దు. ఈపాటికి వేమగిరి దాటే ఉంటారు.

కాగితంలా ఉన్న దాని మీదే మాట కొడితే పలుకుతుందేమోనని ఒక ఆశ. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడేలా పావని పెట్టింది. అమ్మాజీ వచ్చావా, అని పడింది, చీమల బారులకి పైన, కాగితం నెత్తి మీద. ఎంటర్ నొక్కాడు. మాట రాలేదు, బారులన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. అప్పుడు కళ్లజోడు సర్దుకుని వాటివంక సరిగ్గా చూశాడు. ఇంగ్లీషు మధ్యలో అక్కడక్కడా తెలుగు ఉంది. ముందు ఒక గళ్ల గుర్తు, ఆ తర్వాత తెలుగులో పావని తనకోసం రాసుకున్న మాటలు. ఇక్కడ లారీ హారన్ తీసేశాను. ఇక్కడ అమ్మ దగ్గింది, ఆ ముక్క వదిలేయాలి. అమ్మ దగ్గడం ఏమిటనుకున్నాడు, వెంటనే తెలిసింది. ఆ సాయంత్రాలు అమ్మాజీ తలుపవతల కూర్చునేది. చప్పుడు కాకుండా చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. తలుపు సందులోంచి ఆయన చదివేదంతా వింటూ ఉండేదన్నమాట. ఇంకా కిందికి వెళ్లాడు. నాన్న ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు లేవదు, కిందికి దిగుతుంది, అలాగే ఉంచాలి. ఆయన చేతులు బల్ల మీద ఆగిపోయాయి. నిజమే కాబోలు. వస్తావా, తిన్నావా, జ్వరం తగ్గిందా, ఎప్పుడైనా అడిగితే అలాగే అడిగి ఉంటాడు, చివర కిందికి దించి, జవాబు తనకి ముందే తెలిసినట్టు. పిల్ల ఇంత విన్నదా. తను చెప్పిన నాలుగు మాటల్లో ఇంత వినడానికి ఏం దొరికింది దానికి.

అన్నం. ఉలిక్కిపడి లేచి వంటింట్లోకి పరిగెత్తాడు. మూత తీస్తే ఆవిరి బదులు సన్నటి పొగ. అడుగంటింది. పైపైన తీసి వేరే గిన్నెలో పెట్టి, మాడిన గిన్నెలో నీళ్లు పోశాడు. వాసన ఎలా ఉందో ఆయనకి తెలియదు, అమ్మాజీకి గుమ్మంలోనే తెలుస్తుంది. కడియపులంక వచ్చుంటుంది. పూలమొక్కల వాసన కారులోకి వచ్చుంటుంది, ఆమెకి ఇప్పుడు దారి తెలిసేది వాటితోనే.

తిరిగొచ్చి ఆ కాగితాన్ని మూసేయబోతే అది ఇంకో ప్రశ్న అడిగింది. మార్పులు దాచమంటారా, వద్దా. వేలు దాచమన్నదాని మీదకే వెళ్లింది, దాచడం మంచిదే గనక. మధ్యలో ఆగింది. పైన తను కొట్టిన మాట, అమ్మాజీ వచ్చావా, పావని రాసిన దాని నెత్తి మీద ఉండిపోతుంది. పనివాడికి చెప్పే పనుల చిట్టాలో ఎవరో అడ్డంగా వచ్చి పలకరించినట్టు. పనివాడు మొత్తం మానేసినా మానేస్తాడు. వద్దన్నాడు. కాగితం మూసుకుంది. చొక్కాకి చెమట తుడుచుకున్నాడు. మెడ దగ్గర ఊపిరి బుస్సుమంటోంది. కంగారు పడితే అది పైకి వినపడుతుంది. పూర్వం మనసులో ఉన్నది దాచుకోవడం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు తొందరపడకూడదు. వస్తువు చెడిపోలేదు. పావని రాసింది రాసినట్టే ఉంది, కంటితో చూశాడు. గొంతూ ఎక్కడికీ పోలేదు. దేనితో తెరవాలన్నది మాత్రమే తప్పింది. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే చదివే కాగితం అవుతుంది, దాని పనివాడితో తెరిస్తే పలుకుతుంది. పనివాడు ఎవరన్నది కనుక్కోవాలి. మౌసు కుడిపక్క మీట నొక్కితే బోలెడు దారులు వస్తాయని పావని ఒకసారి చూపించింది. నొక్కాడు. చిట్టా దిగింది. ఓపెన్ విత్, అంటే దేనితో తెరవాలి, అన్నది కనపడింది. దాంట్లోకి వెళ్తే ఇంకో వరస. రోడ్డు మీద అడ్డం పెట్టే నారింజరంగు టోపీ లాంటి బొమ్మ ఒకటి ఉంది. దాంతోనే పావని ఆయనకి పాటలు వినిపిస్తుంది. పాటలు పాడేది మాటలు మాట్లాడదా అనుకుని దాన్ని నొక్కాడు. ఈసారి మాత్రం బుద్ధి తెచ్చుకుని, ఒక్కసారికి అన్నాడు. టోపీ తెరుచుకుని, ఏమీ పలకక, నల్లగా చూస్తూ ఊరుకుంది. మూసేశాడు. కొత్త వ్యాపారికి అలవాటు లేని కాయ చూపిస్తే ఇలాగే చూస్తాడు.

ఆ పెట్టె గొంతు మొదటిసారి ఇంట్లో వినపడిన రోజు గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్త. పావని ఆయన్ని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, ఏదో ఒకటి కొట్టు నాన్నా అంది. అమ్మాజీ, కాఫీ ఇస్తావా, అని కొట్టాడు. స్పీకర్లలోంచి ఆ మాట వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మాజీ ఆయన మూసి ఉన్న నోటివంకే చూసింది. పెరట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "అది నా దగ్గర పెట్టకండి" అంది. ఆ తర్వాత ఆమె ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోలేదు. ఫోనుల కోసమే వాడాడు. మార్కెట్లో కమిషన్ వ్యాపారం చేసే విజయ్ పాల్‌కి ఒకసారి ఫోను చేస్తే, "అబ్బులు గారూ, గొంతొచ్చేసిందాండీ, రేపు వరసల్లోకి వచ్చేయండి" అని సంబరపడిపోయాడు. అది కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు దీన్ని బాగుచేసి ఏం చేస్తున్నట్టు. కంట నీరు పెట్టుకోకూడదన్నారు. ఈ గొంతు వింటే పెట్టుకుంటుంది. వినకపోతే చీకట్లో ఒక్కతే ఉంటుంది. రెంటిలో ఏది తక్కువ చెడ్డదో ఎవరిని అడగాలి. చేతులు మాత్రం ఆగలేదు. వేరే ప్రోగ్రాం ఎంచుకోండి అన్నదాన్ని వెతికి నొక్కాయి.

పెద్ద వరస వచ్చింది. నోట్‌ప్యాడ్, బొమ్మలు గీసేది, ఫొటోలు చూపించేది, ఇంటర్నెట్టు. ఎక్కడా పాములు లేవు. చక్రాన్ని కిందికి తిప్పాడు. వరస ఇంకా ఉంది. తిప్పాడు. ఎప్పుడో ఎవరో పెట్టిన పేర్లు, ఏవేవో రంగులు, ఆ అడుగున, కొంచెం కనపడీ కనపడకుండా, నీలం, పసుపు. మెలికలు. పక్కన పైథాన్ అని పేరు. ఆ పేరు పావని నోట విన్నాడు, కొండచిలువ అనుకుని ఊరుకున్నాడు. దాన్ని నొక్కాడు. కింద మళ్లీ ఆ రెండు మాటలు. నిన్న దెబ్బతిన్న వేలు ఈ ఒక్కసారికే అన్నదానివైపు వెళ్లింది. నొక్కాడు. నల్ల కిటికీ మెరిసింది, నిలబడింది. దాని ముందు తెల్ల పెట్టె. ఆఁ, అని మాత్రం కొట్టి ఎంటర్ నొక్కాడు. ఆఁ, అంది గది. కిటికీ ఊచల మీద కూర్చున్న పిచ్చుక ఎగిరిపోయింది. అబ్బులు వీపు కుర్చీకి ఆనించాడు. తన గొంతు విన్న ప్రతిసారీ వెనక ఎవరో వచ్చి నిలబడినట్టు ఉంటుంది. ఇవాళ మాత్రం దూరం వెళ్లిన వాడు ఇల్లు చేరినట్టనిపించింది.

మూసి, పరీక్షకని మళ్లీ తెల్ల గుర్తు మీద రెండుసార్లు నొక్కాడు. కాగితం. చీమలు. ఒక్కసారికి అంటే నిజంగా ఒక్కసారికే. పట్టుపట్టిన మనిషిలా మాట మీద నిలబడింది యంత్రం. మళ్లీ కుడి మీట, మళ్లీ దారులు, మళ్లీ అడుగుకి తిప్పడం, మళ్లీ పాములు. ఈసారి ఎప్పటికీ. నొక్కగానే తెర మీద తెల్లకాగితం కాస్తా నీలం, పసుపు అయిపోయింది. అదొక్కటే కాదు, పక్కన పావని పెట్టుకున్న ఇంకో నాలుగైదు కాగితాలూ ఒక్క రెప్పపాటులో అలాగే మారిపోయాయి. ఒకదానికి చెప్పిన మాట ఆ జాతి మొత్తానికీ చెప్పినట్టయింది. పెట్టె తెరిచి ఉంచి, స్పీకర్లని గుమ్మంవైపు తిప్పి, మంచాన్ని బల్ల దగ్గరికి జరిపి, దుప్పటి దులిపి పరిచాడు. జొన్నాడ దాటి ఉంటారు. వంతెన మీద ఉండి ఉంటారు. గోదావరి గాలికి అద్దం దించమని ఉంటుంది.

వీధిలో కారు ఆగింది. అప్పుడు తట్టింది, చేయి పట్టుకోవాలంటే గేటు దగ్గర ఉండాలి, మాట్లాడాలంటే బల్ల దగ్గర ఉండాలి, రెండుచోట్లా ఉండలేడు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి వెళ్లాడు. చిట్టెమ్మ అక్కని దింపుతోంది. సగం ముఖం తెల్లటి కట్టు, దాని మీద నల్ల కళ్లజోడు, తల కొంచెం ఎత్తి, ఎవరో పిలుస్తారని వింటున్నట్టు నిలబడింది అమ్మాజీ. ముందుకి చాచిన చేతిని అబ్బులు పట్టుకున్నాడు. ఆమె వేళ్లు ఆయన వేళ్లని తడిమాయి. మెడ దగ్గర బుస్సుమనే ఊపిరి విని, "పరిగెత్తుకొచ్చారా. ఎందుకూ" అంది. మెట్ల దగ్గర ఆయన ఆగితే ఆగింది, ఎక్కితే ఎక్కింది. గుమ్మంలో ముక్కు ఎగబీల్చింది. మంచం మీద కూర్చోబెట్టాడు. "ఏం మాట్లాడరేంటి" అంది మామూలుగా, వెంటనే పెదవి కొరుక్కుంది. చిట్టెమ్మ నేలవంక చూసింది.

అబ్బులు కుర్చీలో కూర్చున్నాడు. ఇంతసేపూ ఏమనాలో ఆలోచించలేదని అప్పుడు తెలిసింది. రెండు వేళ్లూ అక్షరాల మీద తారట్లాడాయి. టక్. టక్. ఆమె తల ఆ చప్పుడువైపు తిరిగింది.

"అన్నం కొంచెం మాడింది" అంది గది.

చిట్టెమ్మ గుండె మీద చేయి వేసుకుంది. "బావగారి గొంతే" అంది మెల్లగా. అమ్మాజీ కదలలేదు. అబ్బులు ఆమె చెంపనే చూస్తున్నాడు, కట్టు కింద తడి వస్తుందేమోనని. చెంప కదిలింది. పెదవి ఒక పక్కకి సాగింది.

"కొంచెం కాదండి" అంది. "వీధి మొదట్లోనే తెలిసింది."

చిట్టెమ్మకి నవ్వొచ్చింది. పెరుగు ఉందో లేదో చూస్తానని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెల చప్పుడు. అమ్మాజీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అబ్బులు కొట్టాడు, నొప్పిగా ఉందా, అని. గది అడిగింది, చివర కిందికి దించి. లేదండి, ఇసక పడ్డట్టు గరగర, అంతే, అందామె. మళ్లీ కొట్టాడు. ఇది ఆపెయ్యమంటావా. "వద్దు. అప్పుడు మీ నోరు మూసుకుని కనపడేది, గొంతేమో అక్కణ్నించి వచ్చేది. రెండూ నాకు కలవలేదు. ఇప్పుడు నోరు కనపడట్లేదుగా" అంది. హైవే మీద లారీలు పోతున్నాయి. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి దుప్పటి మీద పడి, ఆమె మోకాళ్ల దాకా వచ్చింది. ఆ వెచ్చదనం తెలిసి చేతులు ఎండలోకి జరుపుకుంది.

"ఒకటి అడుగుతానండి" అంది. "కన్ను కనపడేటప్పుడు అడగలేదు. బజార్లో అంత మాట్లాడేవారంట కదా, ఊరంతా చెప్పేవారు. ఇంటికొచ్చాక ఎందుకు మాట్లాడేవారు కాదు?"

అబ్బులు వేళ్లు అక్షరాల మీదికి వెళ్లాయి. గొంతు అలిసిపోయేది, అని ఒక జవాబు ఉంది, ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకున్నదే. అదే కొట్టాడు, సగంలో చెరిపేశాడు. తెలియదు, అని కొట్టాడు. అదీ చెరిపేశాడు. "రాస్తున్నారా" అందామె. గోటితో బల్ల మీద ఒకసారి కొట్టాడు. "రాయండి. తొందరేం లేదు" అంది. పెదవులు చదివే ఆమెకి ఆయన మాట కోసం ఇంతసేపు ఆగవలసి రావడం ఇదే మొదలు. ఆయనకీ ఒక మాట ముందు ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదలు. మార్కెట్లో ఆలోచించుకునే సందు ఉండదు. కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, గుణింతం తప్పితే వెనక్కి వెళ్లి దిద్దుకుంటూ. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. చిట్టెమ్మ గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయింది. ఎంటర్ నొక్కాడు.

"బజార్లో నేను ఆగితే బేరం ఆగిపోతుంది" అంది గది. "ఇక్కడ నేను ఆగినా నువ్వు చెబుతూనే ఉండేదానివి. అది వింటూ పడుకోవడం బాగుండేది. అది చెప్పాలని తెలియలేదు."

అమ్మాజీ చెంప పొడిగానే ఉంది. అబ్బులు రెండుసార్లు చూసుకున్నాడు. ఎండ ఆమె ఒళ్లోని చేతుల మీదుగా మణికట్టు దాకా పాకింది.

"ఇంకోసారి చెప్పండి" అంది.

ఆ మాట పెట్టెలో ఇంకా అలాగే ఉంది. ఎంటర్ మీద వేలు పెడితే చాలు, అచ్చు గుద్దినట్టు మళ్లీ అదే పలుకుతుంది. అబ్బులు వేలు దానిదాకా వెళ్లి ఆగింది. కొట్టిందంతా చెరిపేశాడు. పెట్టె ఖాళీ అయింది. కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, రెండు వేళ్లతో మళ్లీ మొదటి అక్షరం నుంచి, ఈసారి వేరేగా, కొట్టడం మొదలుపెట్టాడు. అమ్మాజీ ఆ టకటక వైపు తల వాల్చి వింటూ కూర్చుంది.